నారాయణఖేడ్ ప్రాంతంలో స్థిరాస్తి చట్టం: కొత్తగా దిగే ఏజెంటుకు

నారాయణఖేడ్ తాలూకా 1956 అక్టోబరు 31 దాకా హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలో ఉండేది. మర్నాడు రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం అమల్లోకి వచ్చి దాన్ని ఆంధ్రప్రదేశ్‌లో, మెదక్ జిల్లాలో కలిపింది. 2014 జూన్ 2న అది తెలంగాణలోకి, 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. అప్పుడే రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది, 2018లో మునిసిపాలిటీ అయింది. పొలం ఉన్నచోటే ఉంది. దాని కాగితం మాత్రం నిజాం సర్కారు, హైదరాబాదు రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అని నాలుగు ప్రభుత్వాల చేతులు మారింది. ఇక్కడ భూమి అమ్మించే పనిలోకి దిగేవాడికి మొదటి చిక్కు ఆ కాగితంతోనే.

ఈ పని చేసేవాణ్ని ఊళ్లో బ్రోకర్ అంటారు, ఎదురుగా ఉంటే మధ్యవర్తి అంటారు. విజిటింగ్ కార్డు మీద రియల్ ఎస్టేట్ ఏజెంట్ అని ఉంటుంది. చట్టంలో ఈ పనికి రెండు నిర్వచనాలు కనబడతాయి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఇంకొకరి తరఫున మూడోవాళ్లతో వ్యవహారం నడిపే ప్రతివాడూ ఏజెంటే. 2016 నాటి రెరా చట్టం ప్రకారమైతే వెంచర్లలో ప్లాట్లు, ఫ్లాట్లు, భవనాలు అమ్మించి కమీషన్ తీసుకునేవాడు. పొలం బేరాలు మాత్రమే కుదిర్చే మనిషి రెండో నిర్వచనంలోకి రాడు. మొదటి దాన్నుంచి తప్పించుకోనూ లేడు. కంగ్టి, మనూరు, కల్హేర్, సిర్గాపూర్, నాగల్‌గిద్ద మండలాల్లో సాగుభూమే ప్రధానం కాబట్టి ఈ వ్యాసం కూడా పొలం గట్టు మీదే ఎక్కువసేపు నిలబడుతుంది.

హక్కు ఎక్కడుంటుంది

మన దేశంలో భూమి హక్కుకు ప్రభుత్వం పూచీ పడదు. రిజిస్ట్రేషన్ కార్యాలయం రిజిస్టరు చేసేది దస్తావేజును. అమ్మినవాడికి నిజంగా హక్కుందా లేదా అని తేల్చడం దాని పని కాదు. పహాణీలోనో పాసుపుస్తకంలోనో పేరెక్కినంత మాత్రాన హక్కు పుట్టదనీ, ఆ పేరు శిస్తు, పాలన అవసరాల కోసమేననీ సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. అందుకే ‘పాసుబుక్కు ఉన్నది, ఇంకేం కావాలె’ అనే ఏజెంటును నమ్మి బయానా ఇచ్చినవాళ్లు తర్వాత వకీలు ఇంటి మెట్లెక్కుతుంటారు. ఆ మాట చెప్పిన ఏజెంటు చాలాసార్లు మోసగాడు కాదు, అతనికీ అంతే తెలుసు.

మరి హక్కు దేనివల్ల తెలుస్తుంది? ఒకరినుంచి ఒకరికి వరుసగా వచ్చిన దస్తావేజులు, వారసత్వం, స్వాధీనం, శిస్తు రసీదులు అన్నీ ఒకే కథ చెప్పాలి. ఈ వరుసనే లింకు డాక్యుమెంట్లు అంటారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అమ్మకం, తాకట్టు, కౌలు, దానం, మారకం అనే బదిలీలను విడివిడిగా నిర్వచించింది. వంద రూపాయలు, అంతకు మించిన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజు ద్వారానే చెల్లుతుంది. వంద రూపాయలకు అమ్మే భూమి ఇవాళ ఉండదు గనక ప్రతి అమ్మకానికీ రిజిస్ట్రేషన్ తప్పదని అర్థం. ఏడాదికి మించిన లీజు కూడా అంతే. అమ్మకానికి రాసుకున్న అగ్రిమెంటు భూమి మీద హక్కునివ్వదు. అమ్మించుకునే హక్కును మాత్రం ఇస్తుంది. ఈ తేడా ఏజెంటు పనికి పునాది.

ఈసీ అనే రుణభార పత్రం గురించి ఒక మాట. అందులో కనబడేది రిజిస్టరైన లావాదేవీలే. నోటిమాట పంపకం, తెల్లకాగితం అమ్మకం, పత్రాలు బ్యాంకులో పెట్టి తెచ్చుకున్న అప్పు, కోర్టు దావా, కౌలుదారు హక్కు అందులో కనబడకపోవచ్చు. ఈసీ ఖాళీగా వచ్చిందంటే భూమికి చిక్కుల్లేవని కాదు, చిక్కులు రిజిస్టరు కాలేదని. దావా నడుస్తుండగా కొన్నవాడు ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే. అది తెలుసుకోవాలంటే కోర్టులో వెతకాలి, దానికంటే ముందు పక్క పొలంవాణ్ని అడగాలి.

పాత కాగితం చదవడం

నిజాం కాలంలో భూములు దివానీ, సర్ఫెఖాస్, పాయెగా, జాగీరు అని రకరకాల అజమాయిషీల కింద ఉండేవి. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చి జాగీర్లు సర్కారులో కలిసిపోయాయి. ఆ రెగ్యులేషన్ పేరులోనే 1358 ఫస్లీ అని ఉంటుంది. ఫస్లీ సంవత్సరానికి నెలను బట్టి 590 గానీ 591 గానీ కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. పాత పహాణీ చేతికొచ్చినప్పుడు మొదట చేయాల్సిన లెక్క ఇదే.

తెలంగాణ భూ రికార్డుల్లో మూడు పేర్లు గుర్తుండాలి. సేత్వార్ అంటే సర్వే, బందోబస్తు జరిగాక ఒక్కో సర్వే నంబరుకు విస్తీర్ణం, భూమి రకం, శిస్తు, పట్టాదారు పేరు రాసిపెట్టిన మూల పుస్తకం. ఖాస్రా పహాణీ 1954-55లో ఊరూరా తయారైంది. ఎవరి పట్టా, ఎవరి కబ్జా, కౌలుదారు ఎవరు అన్నది అందులో ఉంటుంది. ఇవాళ్టికీ కోర్టులో వాదన అక్కడినుంచే మొదలవుతుంది. ఆ తర్వాత ఏటేటా రాసిన పహాణీలు. నారాయణఖేడ్ ఊళ్ల ఖాస్రా పహాణీ రాసేనాటికి ఈ తాలూకా బీదరు జిల్లాలోనే ఉంది. పాత నకలు మీద జిల్లా పేరు బీదరు అని కనబడితే కాగితం తప్పుడుదని తోసెయ్యకూడదు. ఆ సంవత్సరానికి జిల్లా పేరు మెదక్ అని ఉంటే అప్పుడు అనుమానించాలి.

విస్తీర్ణం రాసే పద్ధతి ఇంకో గుంత. తెలంగాణలో 3.20 అంటే మూడెకరాల ఇరవై గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. కోస్తా నుంచి వచ్చిన కొనుగోలుదారు దాన్నే మూడెకరాల ఇరవై సెంట్లుగా చదువుకుంటాడు. గుంటకు 121 గజాలు, రెండున్నర సెంట్లు. ఎకరానికి 40 గుంటలు, 4,840 గజాలు. రెండు చదువుల మధ్య 30 సెంట్లు, అంటే 1,452 గజాలు తేడా వస్తుంది. బేరం ఎకరాల లెక్కన సాగి, డబ్బు కట్టే రోజున ఈ తేడా బయటపడితే తిట్లు తినేది మధ్యవర్తే. సర్వే నంబరు పక్కన వేసే బై నంబర్లు కూడా అలాంటివే. 45/అ ఒకరిది, 45/ఆ ఇంకొకరిది. దీర్ఘం పోతే మనిషే మారిపోతాడు. ఒక సర్వే నంబరులో ఉన్న పాసుపుస్తకాలన్నీ కూడితే సేత్వార్‌లోని మొత్తం కంటే ఎక్కువ తేలడం కూడా ఉంటుంది. కాగితం మీద పన్నెండున్నర ఎకరాలు, నేల మీద పన్నెండే. ఆ చివరి అరెకరం కొన్నవాడికి దక్కేది కాగితమే. ముందే సర్వేయరుతో కొలిపించి, సర్వే కొలతల పత్రమైన టిపన్‌తో హద్దులు సరిచూడమని చెప్పే ఏజెంటు బేరం ఆలస్యం చేస్తున్నాడని అమ్మేవాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వాలి.

ఇక రక్షిత కౌలుదారు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం పాత కౌలుదార్లకు రక్షణ ఇచ్చింది. తర్వాత చేర్చిన 38-ఇ సెక్షను వాళ్లలో చాలామందిని యజమానులనే చేసింది. రక్షిత కౌలుదార్ల రిజిస్టరులో పేరున్న మనిషి ఏ యాభై ఏళ్ల కిందటో చనిపోయి ఉండొచ్చు. వారసులు ఉంటారు. పట్టాదారు వారసుల దగ్గర కొన్నవాడి ముందుకు ఒకరోజు ఆ వారసులు 38-ఇ సర్టిఫికెట్ పట్టుకొని వస్తారు. ఇదే చట్టం ఒకప్పుడు బీదరు జిల్లా అంతటా అమల్లో ఉండేది. సరిహద్దుకు అటుపక్క ఊళ్లకు తర్వాత 1961 నాటి కర్ణాటక భూసంస్కరణల చట్టం వచ్చింది. 1974 మార్చి 1 నుంచి కౌలు భూములన్నీ అక్కడి ప్రభుత్వానికి దఖలు పడ్డాయి, సాగుదార్లు ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకొని పొందాల్సి వచ్చింది. ఇటుపక్క పాత చట్టమే కొనసాగింది. ఒకే తాత వారసులకు గట్టుకు ఇటూ అటూ రెండు చట్టాలు.

ఇనాం భూమి అని పహాణీలో కనబడితే ఆగాలి. 1955 నాటి ఇనాముల రద్దు చట్టం కింద ఆర్డీవో ఇచ్చే అనుభవ హక్కు సర్టిఫికెట్, వాడుకలో ఓఆర్‌సీ, లేకుండా ఆ భూమిని పట్టా భూమిలా అమ్మజూపడం ప్రమాదం. నీరడి, సేత్‌సింధీ, బలోతా లాంటి ఊరి చాకిరీ ఇనాములకు కూడా ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

సాదా బైనామా

బై అంటే అరబ్బీలో అమ్మకం, నామా అంటే పారసీలో పత్రం. సాదా అంటే స్టాంపు, రిజిస్ట్రేషన్ ఏమీ లేనిది. తెల్లకాగితం మీదో చిన్న స్టాంపు కాగితం మీదో పెద్దమనుషుల ముందు రాసుకొని, డబ్బిచ్చి, పొలంలోకి దిగి దున్నుకోవడమే తెలంగాణ పల్లెల్లో చాలాకాలం అమ్మకం. రిజిస్ట్రేషన్ ఖర్చు, కచేరీ చుట్టూ తిరుగుడు, చదువు లేకపోవడం దీనికి కారణాలు. నమ్మకం కూడా ఒక కారణం. మాట మీద నడిచిన ఊళ్లలో కాగితం అడగడం తప్పుగా ఉండేది.

ఫలితం ఏమిటంటే దున్నేవాడొకడు, రికార్డులో పట్టాదారు ఇంకొకడు. భూమి ధర పెరిగేకొద్దీ పట్టాదారు మనవలకు ఆ సంగతి గుర్తొస్తుంది. 1971 నాటి పాత రికార్డు హక్కుల చట్టం కింద ఈ కాగితాలను క్రమబద్ధం చేసే ఏర్పాటుండేది. 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 దాకా ప్రభుత్వం మళ్లీ దరఖాస్తులు తీసుకుంది. ఈలోగా 2020 నాటి కొత్త చట్టం రావడంతో విషయం హైకోర్టుకెక్కి ఏళ్ల తరబడి ఆగింది. 2025 నాటి భూభారతి చట్టం దానికి దారి వేసింది. ఆ గడువులో దరఖాస్తు పెట్టుకున్న సన్న, చిన్నకారు రైతులు, 2014 జూన్ 2కు ముందే సాదా బైనామాతో కొని, పన్నెండేళ్లుగా సాగులో ఉంటే ఆర్డీవో విచారించి క్రమబద్ధం చేయవచ్చు. ఏజెంటుకు ఇందులో పనికొచ్చే మాట ఒకటే. ఆ విచారణ పూర్తయి పాసుపుస్తకం వచ్చేదాకా సాదా బైనామా పట్టుకున్న రైతు ఆ భూమిని అమ్మలేడు. అతని చేతిలో ఉన్న పొలాన్ని పట్టాదారు అమ్మజూపితే అది పేచీ కొనుక్కోవడమే.

1971 చట్టం స్థానంలో వచ్చిన 2020 చట్టంతో ధరణి పోర్టల్ మొదలైంది. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు కచేరీకి వచ్చి, రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒక్క రోజులో అయిపోయే వీలు కలిగింది. అది నిజంగా మేలే. మరోపక్క తప్పు దొర్లితే సరిచేసే అధికారం కింది కచేరీల్లో లేకుండా పోయింది, సాగుదారు పేరు రాసే గడి మాయమైంది. వివాదమున్న భూములు పార్ట్-బి అనే పక్కన పెట్టిన జాబితాలో పడి ఉండిపోయాయి. భూభారతి పోర్టల్ 2025 ఏప్రిల్ 14న మొదలైంది. తహసీల్దారు ఉత్తర్వు మీద ఆర్డీవోకు, అక్కడినుంచి కలెక్టరుకు అప్పీలు చేసుకునే మెట్లు మళ్లీ వచ్చాయి. చనిపోయినవాళ్ల భూమిని వారసుల పేరు మీదికి మార్చే విరాసత్‌లోనూ నోటీసిచ్చి విచారించే పద్ధతి తెచ్చారు. ఏజెంటు ధరణి నాటి ప్రింటు చూసి ఊరుకోక భూభారతిలో తాజా వివరం తీయాలి.

అమ్మరాని భూములు

కొన్ని భూములకు కాగితాలన్నీ బాగానే కనబడతాయి, అమ్మకం మాత్రం చెల్లదు. మొదటిది అసైన్డ్ భూమి. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన పట్టాను అమ్మరాదని, కొన్నా హక్కు రాదని 1977 నాటి 9వ చట్టం చెబుతుంది. కొన్నవాడి దగ్గర్నుంచి సర్కారు భూమిని వెనక్కి తీసుకోవచ్చు. ఇచ్చిన డబ్బు గోవిందా. ఇందులో ఒక మెలిక ఉంది. తెలంగాణలో 1950 నాటి లావుణి నియమాల కింద ఇచ్చిన పాత పట్టాల్లో అమ్మకూడదన్న షరతు ఉండకపోవచ్చు. ఆ షరతు 1958 జూలైలో వచ్చిన జీవోతో చేరింది. కాబట్టి లావుణి పట్టా అన్న మాట వినగానే పట్టా తేదీ, దానిమీద రాసిన షరతులు చూడాలి. తేదీ పాతదైనంత మాత్రాన బేరం కుదిర్చెయ్యమని కాదు. అది వకీలు చేతికి ఇవ్వాల్సిన కాగితం.

సీలింగు మిగులు, భూదాన, వక్ఫ్, దేవాదాయ, అటవీ భూములు కూడా ఇదే కోవలోవి. వీటి జాబితా రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షను కింద నిషేధిత ఆస్తులుగా కచేరీలో ఉంటుంది. జాబితా ఆన్‌లైన్‌లోనూ చూడవచ్చు. జాబితాలో తప్పుగా పడ్డ పట్టా భూములూ ఉన్నాయి. వాటిని తీయించాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి, ‘నాకు తెలిసినోళ్లున్నరు, తీయిస్త’ అనే మాటకు అడ్వాన్సు ఇప్పించకూడదు. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమికి పట్టా ఉన్నా కట్టడం కుదరదు. భవన నిర్మాణ నియమాల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, అంతకు చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. ఎండాకాలంలో చూపిస్తే అది చక్కని మెట్టభూమిలాగే ఉంటుంది. వానాకాలంలో చూసి కొనమని చెప్పేవాడే మంచి మధ్యవర్తి.

ఇక్కడి తండాల గురించి అపోహ ఒకటుంది. లంబాడాలు తెలంగాణలో షెడ్యూల్డు తెగ కాబట్టి వాళ్ల పట్టా భూమిని వేరేవాళ్లు కొనకూడదని 1/70 చట్టం పేరు చెబుతుంటారు. ఆ చట్టం ఏజెన్సీగా ప్రకటించిన షెడ్యూల్డు ప్రాంతాలకే వర్తిస్తుంది. నారాయణఖేడ్ అందులో లేదు. ఇక్కడ తండాలో కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఆ భూమి అసైన్డా కాదా అన్నదే.

భూసేకరణ సంగతి కూడా తెలిసి ఉండాలి. ఇరుగున న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో జహీరాబాదు నిమ్జ్ అనే పారిశ్రామిక మండలి కోసం భూమి తీసుకున్నారు. 2013 నాటి చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక కలెక్టరు అనుమతి లేకుండా ఆ భూమి మీద లావాదేవీ చేయకూడదు. నిజాంపేట నుంచి నారాయణఖేడ్ మీదుగా బీదరు వైపు పోయే 161-బీ జాతీయ రహదారి పక్కన ‘రోడ్డు ఫేసింగ్’ అని అమ్మేటప్పుడు రోడ్డుకు పోయిన భాగం పోగా మిగిలిందెంతో కొలిచి చెప్పాలి.

ఎవరెవరు సంతకం పెట్టాలి

పాసుపుస్తకంలో తండ్రి పేరొక్కటే ఉంటుంది. భూమి ఆయన సొంత సంపాదన అయితే ఆయన సంతకం చాలు. తాతల నాటిదైతే పిల్లలకు పుట్టుకతోనే వాటా ఉంటుంది. ఆ పిల్లల్లో ఆడపిల్లలూ ఉన్నారన్న సంగతి ఊళ్లో ఇంకా చాలామంది మింగలేకపోతున్నారు. ఎన్టీ రామారావు ప్రభుత్వం దేశంలో ముందుగా తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి, ఆ తేదీకి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ పెళ్లైన, కాని కూతుళ్లందరికీ ఇచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న అనుమానాన్ని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చింది. అక్కర్లేదు అంది. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిపోయిన అమ్మకాలు, రిజిస్టరు పంపకాలు మాత్రం కదలవు.

‘చెల్లెకు పెండ్లప్పుడే ఇచ్చినం’ అన్న మాట చట్టంలో వాటా వదులుకోవడం కాదు. వదులుకున్నట్టు రిజిస్టరు హక్కు విడుదల పత్రం ఉండాలి, లేకపోతే అమ్మకం కాగితంలో ఆమె సంతకమే ఉండాలి. అత్తవారింటికి పోయి ఆమెతో మాట్లాడి రావడం ఏజెంటు చేయగల పనుల్లో కష్టమైనది, విలువైనది కూడా. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు నేరుగా వర్తించదని అదే చట్టంలో ఉంది. తండాల్లో వారసత్వం ఎలా లెక్కిస్తారన్నది ఆచారం, కోర్టు తీర్పుల మీద ఆధారపడుతుంది. ముస్లిం కుటుంబాల్లో పుట్టుకతో వాటా అన్నదే లేదు, మరణంతోనే వాటాలు తెరుచుకుంటాయి. తండ్రి బతికుండగా నోటిమాటగా హిబా అనే దానం ఇచ్చి స్వాధీనం కూడా అప్పగించి ఉంటే అది చెల్లుతుంది, కాబట్టి ఆ మాట కూడా అడిగి తెలుసుకోవాలి. హిందూ మైనరుకు విడిగా సొంత భూమి ఉంటే సహజ సంరక్షకుడైన తండ్రి కూడా కోర్టు అనుమతి లేకుండా దాన్ని అమ్మకూడదు.

పవర్ ఆఫ్ అటార్నీతో వచ్చే అమ్మకాలకు ఒక హెచ్చరిక. జీపీఏ ఇచ్చిన మనిషి చనిపోతే మామూలుగా అది కూడా చనిపోతుంది. 2011 అక్టోబరులో సూరజ్ లాంప్ కేసులో సుప్రీంకోర్టు జీపీఏ, వీలునామా, అగ్రిమెంటు కట్టగట్టి ఇచ్చినా అది అమ్మకం కాదని తేల్చేసింది. ‘అగ్రిమెంట్ కం జీపీఏ’ తెలంగాణలో ఇప్పటికీ విరివిగా రాస్తారు. అది రిజిస్టరైతే అమ్మించుకునే అధికారం ఉంటుంది, యాజమాన్యం రాదు.

బయానా నుంచి రిజిస్ట్రేషన్ దాకా

బేరం కుదిరిన రోజు ఇచ్చే డబ్బు బయానా. ఎంత ఇచ్చారు, మిగతాది ఎప్పటిలోగా, ఆలస్యమైతే ఏమిటి, హద్దులు కొలిచే ఖర్చు ఎవరిది, ఉన్న అప్పు ఎవరు తీర్చాలి అన్నవి అదే రోజు రాసుకోవాలి. 1999 సవరణ వల్ల మన దగ్గర అమ్మకపు అగ్రిమెంటు కూడా రిజిస్టరు చేయించాల్సిన పత్రాల్లో చేరింది. జనం చేయించరు, ఖర్చని. రిజిస్టరు కాని అగ్రిమెంటుతో కూడా అమ్మకం చేయించమని దావా వేయవచ్చు. గడువు మూడేళ్లు. అయితే దాన్ని అడ్డం పెట్టుకొని స్వాధీనాన్ని కాపాడుకోవడం కుదరదు. స్థిరాస్తికి 20,000 రూపాయలు, అంతకు మించిన అడ్వాన్సు నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతుంది. ఈ నియమం ఉల్లంఘన కాకపోవడమే అరుదు. పట్టుబడితే పుచ్చుకున్నంత మొత్తం జరిమానా.

తెలంగాణలో 2021 జూలై 22 నుంచి అమ్మకం దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం, కలిపి 7.5 శాతం. సర్కారు మార్కెట్ విలువ, రాసిన విలువల్లో ఏది ఎక్కువైతే దానిమీద. వ్యవసాయ భూమికి తహసీల్దారు దగ్గర, ఇల్లు, ప్లాటుకు సబ్ రిజిస్ట్రారు దగ్గర పోవాలి. రాసిన నాలుగు నెలల్లోగా దస్తావేజు రిజిస్ట్రేషన్‌కు ఇవ్వాలి.

పొలం ప్లాటయ్యే దారి

పొలం గజాల లెక్కన అమ్ముడుపోవాలంటే ముందు అది వ్యవసాయేతర భూమిగా మారాలి. దీన్ని నాలా అంటారు, 2006 చట్టం కిందిది. నాలా వచ్చిందంటే లేఅవుట్‌కు అనుమతి వచ్చినట్టు కాదు. లేఅవుట్ వేరు. రోడ్ల వెడల్పు, పార్కు స్థలం, మురుగు కాలువలు చూసి పట్టణ, గ్రామీణ ప్రణాళికా శాఖ, వాడుకలో డీటీసీపీ, సాంకేతికంగా ఆమోదించాలి. ‘పంచాయతీ లేఅవుట్’ అని అమ్మే వెంచర్లలో సర్పంచ్ ముద్ర తప్ప ఏమీ ఉండదు. 2020 ఆగస్టు 26 తేదీని గీతగా పెట్టి ప్రభుత్వం అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లకు క్రమబద్ధీకరణ పథకం ఎల్‌ఆర్‌ఎస్ ప్రకటించింది, రాష్ట్రమంతా పాతిక లక్షల పైచిలుకు దరఖాస్తులొచ్చాయి. అనుమతి లేని ప్లాట్లు ఎంతగా అమ్ముడుపోయాయో చెప్పడానికి ఆ అంకె చాలు. గుంటల చొప్పున ‘ఫామ్ ప్లాట్లు’ అని అమ్మేది కూడా ఈ దారి తప్పించుకునే ఎత్తే. కొన్నవాడికి ఇంటి అనుమతి అడిగిన రోజున తెలుస్తుంది.

రెరా, కమీషన్

రెరా చట్టం 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. తెలంగాణ నియమాలు అదే ఏడాది జూలై 31న వచ్చాయి. 500 చదరపు మీటర్లకు, అంటే దాదాపు 598 గజాలకు మించిన స్థలంలో వేసే వెంచరైనా, ఎనిమిదికి మించిన ఫ్లాట్లయినా రిజిస్టరు చేయించకుండా ప్రచారం కూడా చేయకూడదు. అలాంటి ప్రాజెక్టుల్లో అమ్మించే ఏజెంటు కూడా విడిగా రిజిస్టరు చేయించుకోవాలి. వ్యక్తికి 10,000, సంస్థకు 50,000 రూపాయల ఫీజు, అయిదేళ్ల గడువు. ప్రతి అమ్మకంలో తన నంబరు వేయాలి, లెక్కలు ఉంచాలి, బుకింగ్ రోజునే కాగితాలన్నీ కొనేవాడి చేతికివ్వాలి. లేని సౌకర్యం ఉన్నట్టు చెప్పకూడదు. ఫ్లెక్సీ మీద ‘త్వరలో రింగు రోడ్డు’ అని వేసేవాళ్లు ఈ నియమం ఒకసారి చదవాలి. రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మిస్తే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి ధరలో 5 శాతం దాకా జరిమానా పడుతుంది. అగ్రిమెంటు రిజిస్టరు కాకముందు ధరలో పదిశాతానికి మించి వసూలు చేయడం బిల్డరుకు నిషేధం. ఆ వసూలులో ఏజెంటు చెయ్యి ఉండకూడదు.

కమీషన్ ఎంతో రెరా చెప్పదు, కాంట్రాక్టు చట్టమూ చెప్పదు. ఒక శాతమో రెండు శాతమో, ఒక పక్కో రెండు పక్కలో అన్నది ముందే ఒప్పుకొని, కనీసం వాట్సాప్‌లోనైనా రాసుకోవాలి. పేచీల్లో ఎక్కువ భాగం ‘పైన వచ్చింది నాది’ అనే పద్ధతితో వస్తాయి. ఎకరం ఇంతకు నాకు తెచ్చిపెట్టు, ఆ పైన ఎంతొచ్చినా నీదే అని యజమాని తెలిసి ఒప్పుకుంటే తప్పు లేదు. చెప్పకుండా మింగితే ఆ లాభం యజమానిదే, అడిగి వసూలు చేసుకోవచ్చని కాంట్రాక్టు చట్టం 216వ సెక్షను చెబుతుంది. తానే బినామీగా కొనడానికీ అదే శిక్ష. పైగా బినామీ చట్టం వేరే ఉంది. దుర్వర్తన చేసిన పనికి ఏజెంటుకు కమీషనే రాదని 220వ సెక్షను. ఏడాదికి 20 లక్షల రూపాయలకు మించి కమీషన్ వచ్చేవాడు జీఎస్టీ కట్టాలి, 18 శాతం.

సరిహద్దు అవతల

నారాయణఖేడ్ ఏజెంటుకు బీదరు నుంచి కొనేవాళ్లూ వస్తారు, అటుపక్క ఊళ్లలో అమ్మించమని అడిగేవాళ్లూ వస్తారు. దస్తావేజు భూమి ఉన్న చోటి కచేరీలోనే రిజిస్టరు కావాలి. తెలంగాణ రెరా నంబరు తెలంగాణలోనే పనిచేస్తుంది, కర్ణాటక వెంచరుకు అక్కడిది వేరే తీసుకోవాలి. అక్కడి పహాణీని ఆర్‌టీసీ అంటారు, భూమి పోర్టల్‌లో దొరుకుతుంది. అసైన్డ్ భూములకు మన 1977 చట్టం లాంటిది అక్కడ 1978లో షెడ్యూల్డు కులాలు, తెగలకు ఇచ్చిన భూముల కోసం వచ్చింది. ఇక్కడ షెడ్యూల్డు తెగ అయిన లంబాడాలు అక్కడ షెడ్యూల్డు కులం. కాబట్టి ఒకే బంధువర్గంలో ఇటువాళ్ల పొలానికి తెలంగాణ పత్రాలు, అటువాళ్లకు కర్ణాటక అనుమతి కాగితం అడగాల్సి వస్తుంది. 1956లో జహీరాబాదు తాలూకా ఇటు వచ్చినప్పుడు అందులోని నిర్ణా సర్కిల్‌ను అటే వదిలేశారు. ఆ వైపు పొలం బేరమొస్తే ముందుగా సర్వే నంబరు ఏ రాష్ట్రం రికార్డులో ఉందో చూసుకోవాలి, ధర మాట తర్వాత.